ఐదేళ్లకు వేసే ఓటును ఆరు నెలలకు కుదించకండి: 42 మంది తెలుగు ఎంపీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన లోక్‌సభ సభ్యులకు,

నమస్కారం. ఆంధ్రప్రదేశ్ నుంచి 25 మంది, తెలంగాణ నుంచి 17 మంది, మొత్తం మీ 42 మందికీ కలిపి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఎవరు ఏ పార్టీ అన్నది చూడలేదు. నేను ఖమ్మం జిల్లాలో పనిచేసి రిటైరైన ప్రభుత్వ టీచర్ని. మా ఊరి నుంచి కాస్త దూరం పోతే ఆంధ్రా వస్తుంది. మా చుట్టాల్లో సగం మంది అటువైపే. లోక్‌సభ, అసెంబ్లీ ఎన్నికలు కలిపి జరిగే రాష్ట్రాన్నీ, విడివిడిగా జరిగే రాష్ట్రాన్నీ దగ్గర నుంచి చూస్తూ వస్తున్నాను. సర్వీసులో ఉండగా పోలింగ్ డ్యూటీలు చేసినవాణ్ణి కాబట్టి ఆ పనిలో ఉండే కష్టం కూడా తెలుసు.

2024 డిసెంబర్ 17న లోక్‌సభలో ప్రవేశపెట్టిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లు, మనందరం జమిలి ఎన్నికల బిల్లు అంటున్నది, 39 మంది సభ్యుల సంయుక్త పార్లమెంటరీ కమిటీ పరిశీలనకు వెళ్లింది. ఆ కమిటీలో మన రాష్ట్రాల వాళ్లకూ చోటు దక్కింది. కమిటీ నివేదిక వచ్చాక బిల్లు మళ్లీ సభ ముందుకు వస్తుంది. అప్పుడు మీలో ప్రతి ఒక్కరూ ఓటు వేయాలి. ఆ లోపే ఒక్క విషయం మీ దృష్టికి తేవాలని ఈ ప్రయత్నం.

నేను జమిలికి వ్యతిరేకిని కాను. 1952 నుంచి 1967 దాకా దేశంలో చాలాచోట్ల లోక్‌సభకూ అసెంబ్లీకీ కలిపే ఎన్నికలు జరిగాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1999 నుంచి ఇప్పటివరకూ అలాగే జరుగుతున్నాయి. నా అభ్యంతరం ఆ బిల్లులోని ఒక్క ఏర్పాటు మీద. అదేమిటంటే, అసెంబ్లీ గానీ లోక్‌సభ గానీ మధ్యలో రద్దయితే, మళ్లీ ఎన్నికలు పెట్టి గెలిపించుకున్న కొత్త సభ ఐదేళ్లు ఉండదు. పాత సభకు ఎంత గడువు మిగిలి ఉందో అంతవరకే ఉంటుంది. రెండేళ్లు మిగిలితే రెండేళ్లు. ఏడాది మిగిలితే ఏడాది. ఆ తర్వాత మళ్లీ అందరితో కలిపి ఎన్నికలు.

ఇది టీవీ చర్చల్లో దాదాపు వినిపించదు. ఖర్చు తగ్గుతుందా, ఎన్నికల కోడ్ బాధ పోతుందా, ప్రాంతీయ పార్టీలకు లాభమా నష్టమా అన్న దగ్గరే మాట ఆగిపోతోంది. ఓటరుకు నేరుగా తగిలేది మాత్రం ఈ గడువు సంగతే.

ముందు తెలంగాణ ఎంపీలు ఒక లెక్క చూడాలి. బిల్లులో కొత్తగా చేర్చే 82ఏ అధికరణం ప్రకారం, సార్వత్రిక ఎన్నికల తర్వాత లోక్‌సభ మొదటిసారి సమావేశమైన రోజున రాష్ట్రపతి ఈ ఏర్పాటును అమల్లోకి తెస్తూ నోటిఫికేషన్ ఇవ్వవచ్చు. ఆ తేదీ తర్వాత ఎన్నికైన అసెంబ్లీలన్నీ ఆ లోక్‌సభ గడువుతో పాటే ముగిసిపోతాయి. 2024లో ఆ మొదటి సమావేశం ఎప్పుడో అయిపోయింది. ఇక లోక్‌సభ పూర్తికాలం నడిస్తే 2029లోనే వీలు. అంటే దేశమంతా కలిపి జరిగే మొదటి ఎన్నికలు 2034లో.

ఇప్పుడు తెలంగాణ సంగతి. మన అసెంబ్లీ 2023 డిసెంబర్‌లో ఏర్పడింది. గడువు 2028 డిసెంబర్ దాకా. 2028 చివర్లో ఎన్నికయ్యే అసెంబ్లీ 2033 డిసెంబర్ దాకా ఉంటుంది. అప్పుడు మళ్లీ ఎన్నికలు పెట్టాలి. అలా గెలిచే 119 మంది ఎమ్మెల్యేలు ఎన్నాళ్లుంటారు? 2034 జూన్ ప్రాంతంలో లోక్‌సభ గడువు ముగిసేదాకా. సుమారు ఆరు నెలలు. అందులో మొదటి నెల ప్రమాణ స్వీకారాలకూ మంత్రివర్గానికీ పోతుంది. చివరి రెండు మూడు నెలలు మళ్లీ కోడ్. మధ్యలో ఒక బడ్జెట్ పెట్టడానికైనా ఊపిరి అందుతుందా? ఆ ఎన్నికలో నిలబడే అభ్యర్థి ఓటరుకు ఏమని హామీ ఇస్తాడు?

ఆరు నెలల కోసం ఎన్నికలెందుకు, వాయిదా వేద్దాం అనవచ్చు. అసెంబ్లీ గడువును ఐదేళ్లకు మించి పొడిగించడానికి ఎమర్జెన్సీలో తప్ప రాజ్యాంగం ఒప్పుకోదు. మిగిలేది రాష్ట్రపతి పాలన. ఎన్నికైన ప్రభుత్వం లేకుండా ఆరు నెలలు ఢిల్లీ నుంచి పాలన. ఇది నా ఊహాగానం కాదు, బిల్లులోని మాటలను తేదీల పక్కన పెట్టి చూస్తే ఎవరికైనా కనబడేదే. తెలంగాణ నుంచి గెలిచిన 17 మంది ఈ లెక్క చూశారా? చూసి ఉంటే ఎవరైనా సభలోనో బయటో గట్టిగా ఎందుకు అడగలేదు?

ఎన్నికైన వాళ్లు లేకపోతే ఏమవుతుందో తెలంగాణ పల్లెలకు కొత్తగా చెప్పనక్కర్లేదు. 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం అయిపోయింది. మళ్లీ పంచాయతీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబర్‌లో. ఈ మధ్యకాలమంతా 12 వేలకు పైగా ఊళ్లకు స్పెషలాఫీసర్లే దిక్కు. ఒక్కో అధికారికి రెండు మూడు ఊళ్లు. కేంద్రం నుంచి రావాల్సిన ఆర్థిక సంఘం నిధులు ఆగిపోయాయి. వీధి లైటు పోతే ఎవరికి చెప్పాలో తెలియక జనం పంచాయతీ కార్యదర్శి చుట్టూ తిరిగారు. ఆ కార్యదర్శులు చెత్త ట్రాక్టర్ డీజిల్‌కు సొంత డబ్బులు పెట్టుకున్న సంగతి పల్లెల్లో ఎవరిని అడిగినా చెబుతారు. అదే పరిస్థితిని మొత్తం రాష్ట్రానికి తెచ్చే వీలు చట్టంలో ఎందుకు వదలాలి?

ఆంధ్రప్రదేశ్ ఎంపీలకు ఈ లెక్క వర్తించదు. అక్కడ అసెంబ్లీ, లోక్‌సభ గడువులు ఎలాగూ కలిసే నడుస్తున్నాయి కాబట్టి, ఈ బిల్లుతో మాకేం తేడా రాదన్న ధీమా అటువైపు కనిపిస్తుంది. కానీ మధ్యలో ప్రభుత్వం పడిపోవడమంటే ఏమిటో మన తెలుగువాళ్లకు తెలిసినంత బాగా చాలామందికి తెలియదు. 1954లో ప్రకాశం పంతులుగారి ప్రభుత్వం అవిశ్వాసంలో పడిపోయి, ఆంధ్ర రాష్ట్రానికి 1955లో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. అందుకే 1957లో రాష్ట్రమంతా కాకుండా తెలంగాణ ప్రాంతంలో మాత్రమే అసెంబ్లీ ఎన్నికలు జరిగాయి.

అన్నిటికంటే ముఖ్యంగా 1984 ఆగస్టును గుర్తు చేసుకోండి. గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావు చేత ప్రమాణం చేయించారు. ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి కాపాడుకోవాల్సి వచ్చింది. జనం రోడ్ల మీదికి వచ్చారు. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. అయినా ఆయన అక్కడితో ఆగలేదు. అసెంబ్లీని రద్దు చేయించి ప్రజల దగ్గరికి వెళ్లారు. 1985 మార్చిలో జనం తీర్పు చెప్పారు. ఆయన రాజకీయాలు నచ్చినా నచ్చకపోయినా, ఆ తీర్పు తర్వాత ఫిరాయింపుల గొడవ గురించి మాట్లాడేవాళ్లు లేకుండా పోయారన్నది మాత్రం నిజం.

ఈ బిల్లు అప్పుడే చట్టమై ఉంటే? 1983 జనవరిలో మొదలైన గడువు 1988 జనవరితో ముగిసేది. 1985లో అంత భారీగా గెలిచిన ప్రభుత్వానికి దక్కేది మూడేళ్లకు లోపే. తాలూకాలు పోయి మండలాలు వచ్చింది ఆ 1985 ఎన్నికల తర్వాతే. ఈ రోజు మన రేషన్ కార్డు, పాస్‌బుక్, స్కూలు అన్నీ ఏ మండలం అన్నదాని మీద నడుస్తున్నాయి. అంత పెద్ద మార్పుకు దిగాలంటే ముందు కొన్నేళ్లు చేతిలో ఉన్నాయన్న నమ్మకం పాలకులకు కావాలి. ఒక్క ఏడాది కౌలుకు తీసుకున్నవాడు పొలానికి పశువుల ఎరువు తోలడు.

అంతకంటే నన్ను భయపెట్టేది ఇంకొకటి ఉంది. ప్రభుత్వాన్ని కూలదోసేవాళ్లకు ఇప్పుడున్న ఒకే ఒక్క భయం జనం. మధ్యలో కూలిస్తే ఎన్నికలు వస్తాయి, ఓటరు ఐదేళ్ల శిక్ష వేస్తాడు అన్న జంకు ఉంటుంది. అదే ఎన్నికతో వచ్చేది పద్దెనిమిది నెలల పదవే అయితే, కోట్లు ఖర్చుపెట్టి మళ్లీ పోటీ చేయడానికి ఏ ఎమ్మెల్యే సిద్ధపడతాడు? సభ రద్దు కాకుండా ఉండడానికి ఎవరితోనైనా చేతులు కలుపుతాడు. క్యాంపులు, రిసార్టులు, బేరాలు పెరుగుతాయి. సుస్థిరత కోసం అని చెబుతున్న బిల్లు ఫిరాయింపులకే బలం ఇస్తుందని నా గట్టి అభిప్రాయం.

రెండో వైపు వాదన కూడా విన్నాను. అది తేలిగ్గా కొట్టిపారేసేది కాదు. 2018 సెప్టెంబర్ 6న తెలంగాణ ముఖ్యమంత్రి గడువుకు చాలా నెలల ముందే అసెంబ్లీని రద్దు చేశారు. ప్రభుత్వానికి మెజారిటీ ఉంది, ప్రమాదం ఏమీ లేదు. అనుకూలమైన సమయం చూసుకుని ఎన్నికలకు వెళ్లారు, డిసెంబర్ 7న పోలింగ్ జరిగింది, గెలిచారు. అంతకుముందు 2003లో చంద్రబాబు నాయుడు గారు కూడా ముందే రద్దు చేశారు, 2004లో ఓడిపోయారు. ఇలా పార్టీ అవసరం కోసం సభను రద్దు చేయడాన్ని ఆపాలన్నది న్యాయమే. మిగిలిన గడువుకే ఎన్నిక అంటే ఆ తొందరపాటుకు అడ్డుకట్ట పడుతుందన్నదీ నిజమే.

కానీ తప్పు చేసేది ముఖ్యమంత్రి, శిక్ష ఓటరుకా? ముందస్తు రద్దును ఆపడానికి వేరే దారులున్నాయి. జర్మనీలో ఒక ఛాన్సలర్‌ను పార్లమెంటు దించాలంటే, అదే ఓటింగ్‌లో ఆయన స్థానంలో ఇంకొకరిని ఎన్నుకోవాలి. 1982లో హెల్ముట్ ష్మిట్‌ను దించి హెల్ముట్ కోల్‌ను అలాగే ఎన్నుకున్నారు. మన లా కమిషన్ కూడా 1999లోనే ఇలాంటి ఏర్పాటు గురించి సిఫారసు చేసింది. సభకు విశ్వాసం ఉన్న ప్రభుత్వం ఊరికే రద్దు కోరకుండా సభలో మూడింట రెండొంతుల ఆమోదం తప్పనిసరి చేయవచ్చు. ఇవేవీ ఓటరు హక్కును ముట్టుకోవు. వీటిని వదిలేసి, గెలిచిన సభ ఆయుష్షును కోయడమే మార్గమని ఎందుకు అనుకున్నారో సభలో వివరించమని అడగండి.

ఖర్చు, కోడ్ గురించి రెండు మాటలు. తెలంగాణలో 2023 అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఒక కోడ్, 2024 మార్చి నుంచి జూన్ దాకా ఇంకొక కోడ్. ఎనిమిది నెలల్లో రెండుసార్లు పనులు నిలిచాయి. పోలింగ్‌కు మూడు రోజుల ముందు రైతుబంధు పంపిణీకి ఇచ్చిన అనుమతిని ఎన్నికల సంఘం వెనక్కి తీసుకుంది. టీచర్లు రెండుసార్లు బడి వదిలి ట్రైనింగులకూ డ్యూటీలకూ వెళ్లారు. కలిపి పెడితే ఇందులో కొంత తగ్గుతుంది, ఒప్పుకుంటాను. కలిపి పెట్టిన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం కోడ్ కష్టం లేకుండా పోలేదు. 2024 ఏప్రిల్ ఎండల్లో వాలంటీర్లు ఇంటికి తెచ్చి ఇచ్చే పింఛను ఆగిపోయి ముసలివాళ్లు సచివాలయాలకు నడిచారు. ఈవీఎంలకు ప్రతి 15 ఏళ్లకు సుమారు 10 వేల కోట్లు కావాలని ఎన్నికల సంఘమే అంచనా వేసింది. ఒకే రోజు రెండు పోలింగులంటే బూత్‌కు రెండు సెట్లు కావాలి కదా. ఖర్చు ఆదా అన్న మాట చెప్పేటప్పుడు ఈ అంకెనూ పక్కన పెట్టి చెప్పండి.

కలిపి పెట్టడం వల్ల ఎంపీ ఎన్నికకు జరిగే నష్టం మీకు నాకంటే బాగా తెలుసు. ఆంధ్రప్రదేశ్‌లో ఒకే గదిలో ఎంపీకి తెల్ల బ్యాలెట్ ఒకటి, ఎమ్మెల్యేకు గులాబీ బ్యాలెట్ ఒకటి. ప్రచారమంతా గులాబీ బ్యాలెట్ చుట్టూనే. 2019లో 175 అసెంబ్లీ స్థానాల్లో 151 గెలిచిన పార్టీకి 25 ఎంపీ స్థానాల్లో 22 వచ్చాయి. 2024లో 164 గెలిచిన కూటమికి 21 వచ్చాయి. ఎమ్మెల్యే గాలి ఎటు వీస్తే ఎంపీ ఓటు అటే. విడిగా జరిగిన తెలంగాణలో 2018లో 119కి 88 గెలిచిన టీఆర్‌ఎస్‌కు నాలుగైదు నెలల్లోనే 17 ఎంపీ స్థానాల్లో 9 మాత్రమే వచ్చాయి. బీఆర్‌ఎస్‌గా పేరు మారిన అదే పార్టీకి 2023లో 39 మంది ఎమ్మెల్యేలు వచ్చినా, 2024లో ఒక్క లోక్‌సభ స్థానం కూడా రాలేదు. జనం రెండు ఓట్లను రెండు రకాలుగా ఆలోచించి వేశారు. జమిలితో జాతీయ అంశాలు రాష్ట్రాల మీద పడతాయని చాలామంది భయపడుతున్నారు. మన దగ్గర జరిగింది దానికి ఎదురు. ఎంపీ అభ్యర్థిని రైల్వే జోన్ గురించో, విభజన హామీల గురించో, బయ్యారం ఉక్కు గురించో నిలదీసే ఎన్నికే లేకుండా పోయే ప్రమాదం ఉంది. పోలింగ్ శాతం పెరుగుతుందన్నది మాత్రం నిజం. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 80 శాతం దాటింది, తెలంగాణలో లోక్‌సభకు 66 శాతం దగ్గరే ఆగింది. ఇది జమిలి వైపు వాదించేవాళ్లకు బలమైన అంకె. దాన్ని కాదనను.

ఇంకొక నిబంధన కూడా చదవండి. ఏదైనా రాష్ట్రంలో లోక్‌సభతో పాటు అసెంబ్లీ ఎన్నికలు పెట్టడం కుదరదని ఎన్నికల సంఘం అనుకుంటే, తర్వాత పెట్టుకునేలా రాష్ట్రపతికి సిఫారసు చేయవచ్చు. ఎంతకాలం తర్వాత? బిల్లులో గడువు లేదు. ఏ కారణాల మీద? అదీ లేదు. కమిటీ ముందు హాజరైన మాజీ ప్రధాన న్యాయమూర్తులు కూడా ఎన్నికల సంఘానికి ఇంత అధికారం ఇవ్వడం మీద ప్రశ్నలు లేవనెత్తారని పత్రికల్లో చదివాం. వాళ్లకే సందేహం ఉన్నప్పుడు మాలాంటి వాళ్లకు టెన్షన్ ఉండదా?

ఈ బిల్లును ప్రవేశపెట్టిన రోజు ఓటింగ్‌లో అనుకూలంగా 269, వ్యతిరేకంగా 198 వచ్చాయి. ప్రవేశపెట్టడానికి అది చాలు. రాజ్యాంగ సవరణ నెగ్గాలంటే ఓటు వేసినవాళ్లలో మూడింట రెండొంతులు ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగానికి మించి ఉండాలి. అంటే మీ 42 ఓట్లు ఈ బిల్లు భవిష్యత్తుకు చాలా విలువైనవి. ఆ విలువను మాకోసం వాడండి. జమిలి మీద మాజీ రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ కమిటీ 2023-24లో పార్టీల అభిప్రాయాలు అడిగినప్పుడు 47 పార్టీలు సమాధానం ఇచ్చాయి. తెలుగుదేశం, వైఎస్సార్ కాంగ్రెస్, బీఆర్‌ఎస్ ఈ మూడూ ఇవ్వలేదు. రెండు రాష్ట్రాలను ఏలిన పార్టీలు ఇంత పెద్ద విషయం మీద ఒక కాగితం కూడా రాయకపోవడం నాకు బాధ కలిగించింది. కనీసం ఇప్పుడైనా ఆ మౌనం వదలాలి.

కమిటీలో ఉన్న మన సభ్యులను నేను కోరేది ఇది. మధ్యంతర ఎన్నికల్లో గెలిచిన సభకు మిగిలిన గడువే అన్న ఏర్పాటును తీసేయమని రాతపూర్వకంగా సవరణ ఇవ్వండి. మీ సవరణ ఒప్పుకోకపోతే నివేదికలో అసమ్మతి పత్రం రాయండి, అది రికార్డుల్లో ఉండిపోతుంది. తెలంగాణలాగా లోక్‌సభకు ఆరు నెలల ముందు గడువు తీరే రాష్ట్రాల సంగతి బిల్లులోనే తేల్చాలని పట్టుబట్టండి. మొదటిసారి కలపడానికి ఎవరి గడువైనా మార్చక తప్పదంటే, ఆ మార్పు ఒక్కసారికే పరిమితమని, ఎన్నికైన సభ లేని కాలం రాదని స్పష్టంగా రాయించండి. వాయిదా సిఫారసుకు ఒక కాలపరిమితి, సభ ఆమోదం పెట్టించండి. అసెంబ్లీల గడువునే మారుస్తున్న బిల్లు కాబట్టి, రాష్ట్రాల ఆమోదం చట్టపరంగా అక్కర్లేదని కోవింద్ కమిటీ చెప్పినా, హైదరాబాద్‌లోనూ అమరావతిలోనూ అసెంబ్లీల్లో దీని మీద చర్చ జరిగేలా మీ పార్టీలను ఒప్పించండి.

మిగిలిన ఎంపీలు, బిల్లు సభకు రాకముందే మీ నియోజకవర్గంలో ఒక్క సభ పెట్టండి. బిల్లు తెలుగు ప్రతిని పంచండి. మీరు ఏ వైపు ఓటు వేయబోతున్నారో, ఎందుకో చెప్పండి. ఖమ్మంలో పెడితే నేను వస్తాను. 2033 డిసెంబర్ లెక్క గురించి ముందు వరుసలో కూర్చుని అడుగుతాను.

ఇట్లు,
ఖమ్మం జిల్లా నుంచి ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు